పప్పు ఉడికే నీళ్ళు

నీళ్ళ ల్యాబుల కొత్తగ చేరిన పిల్లలు మొన్న నన్ను పిలిచి శాలువ కప్పిండ్రు. "మేడం, మీ అనుభవాలు రెండు ముక్కలు చెప్పుండ్రి" అని మైకు చేతిల పెట్టిండ్రు. నాకు కోపం జర ఎక్కువ. కోపమున్న మనిషికి మైకు ఇయ్యొద్దు. అందుకని నిజాయితీ, సేవ అని నాలుగు ఉత్త మాటలు చెప్పి దిగొచ్చిన. అసలు చెప్పాల్సింది కడుపులనే ఉండిపోయింది. అది ఈడ రాస్తున్న.

నా పేరు అనసూయ. నారాయణపేటల మగ్గం నేసే ఇంట్ల పుట్టిన. నల్లగొండ జిల్లల సర్కారు నీళ్ళ ల్యాబుల టెక్నీషియన్‌గ పనిజేసి రిటైరైన. ఎప్పుడు ఏ పోస్టు ఇచ్చిండ్రు, ఎవరు ఆపిండ్రు అనే ముచ్చట్లు రాయను. అవి నాకే యాదికి లేవు.

రిజల్టు పైకే పోతది

మీ పని ఏందో చెప్త. ఊరూరు తిరిగి బోర్ల నీళ్ళు సీసాలల్ల పట్టుకొస్తరు. మందు చుక్కలేసి ఏముందో చూస్తరు. రిజల్టు పైకి పంపుతరు. గా "పైకి" అన్న మాట మంచిగ గుర్తు పెట్టుకోండ్రి. నేను ఉద్యోగం చేసినన్ని ఏండ్లు రిజల్టు పైకే పోయింది. సీసా నింపి ఇచ్చిన మనిషికి ఎన్నడు తిరిగి రాలె. "ఏమొచ్చింది మేడం మా నీళ్ళల్ల?" అని ఆడోళ్ళు అడిగితే "పైకి పంపినం" అనుడు మాకు అలవాటైపోయింది. చెప్పేటప్పుడు సిగ్గు గూడ అనిపించేది కాదు.

నేను చేరిన కొత్తల మా కెమిస్టు సారు ఒకాయన ఉండె. ఆయన తీరే వేరు. ఎవరింటికన్న పోయి మంచినీళ్ళు ఇస్తే, తాగకముందు జేబుల నుంచి చిన్న గాజుగొట్టం తీసి, వాళ్ళ ముందటనే చుక్కలేసి చూసేటోడు. ఫ్లోరైడు లేకుంటే గులాబి రంగు నిలుస్తది. ఫ్లోరైడు ఉంటే రంగు పసుప్పచ్చకు తిరుగుతది. ఏ రంగొస్తే ఆ రంగు పది మందికి ఇనబడేటట్టు గట్టిగ చెప్పేటోడు. "సారూ, జనం గాబరా పడ్తరు" అని పైవాళ్ళు తిట్టిండ్రు. "పడనియ్యి, ఆ నీళ్ళు తాగేది వాళ్ళే గద" అన్నడు. ఆయన తర్వాత గసుంటి మనిషిని నేను మళ్ళ చూడలె.

బర్రెకు పోయిన గోలీలు

తెలంగాణ వచ్చిన కొత్తల పట్నంకెళ్లి ఒక పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. మర్రిగూడ దిక్కు ఊర్లల్ల మనుషులు నడీడులనే ముసలోళ్ళయితున్నరు, ఫ్లోరైడు నీళ్ళకు ఎముకలు గిడసబారి నడుములు వంగుతున్నయి గద, దాన్ని ఆపొచ్చా అని చూసుడు వాళ్ళ పని. తిండి మార్చి చూస్తరట, కాల్షియం గోలీలు మింగిచ్చి చూస్తరట, నీళ్ళు శుద్ధి చేసి చూస్తరట. ప్రశ్న మంచిదే, నేను కాదన. నీళ్ళ పని తెల్సినదాన్నని నన్ను మా ల్యాబు నుంచి వాళ్ళకు ఒప్పజెప్పిండ్రు.

ప్రాజెక్టు పెద్దసారు పెద్ద డాక్టరు. చెడ్డ మనిషి కాదు. ముందే చెప్తున్న, ఎందుకంటే చెడ్డోడైతే నాకు గింత మంట ఉండకపోవు. ఊర్లకొస్తే కింద కూసొని జొన్నరొట్టె తినేటోడు. ముసలమ్మల చేతులు పట్టుకొని మాట్లాడేటోడు.

ఆ ఊర్లనే నాకు యాదమ్మ దొరికింది. నా ఈడుదే, కని చూస్తే మా అమ్మ లెక్క కనబడేది. మెడ తిరగది. ఎనుకకెళ్లి పిలిస్తే మనిషంత తిరిగేది. కొడుకు, కోడలు పట్నంల బిల్డింగు పనికి పోయిండ్రు. వాళ్ళ బిడ్డ మానసను ఈమె దగ్గర ఇడిసిపెట్టిండ్రు. ఏడేండ్ల పిల్ల. పట్నంల పుట్టి పెరిగింది, ఈ నీళ్ళకు కొత్త. పండ్లు తెల్లగ ఉండె, కాళ్ళు సక్కగ ఉండె. గజ్జెలేసుకొని బడికాడి బోరు నుంచి ఇంటిదాక ఉరికేది.

యాదమ్మ ప్రాజెక్టుల పేరు రాయించుకునేటప్పుడు ఒక్కటే మాట అన్నది. "నా నడుము పోతే పాయె మేడం. గీ పోరి కాళ్ళు నా లెక్క గాకుంట జూడుండ్రి. గంతే. మీరు రక్తం గుంజుకోండ్రి, ఏమన్న గుంజుకోండ్రి."

చూస్తమన్న. నేనే అన్న ఆ మాట, సారు కాదు.

ఇగ గోలీల ముచ్చట ఇనుండ్రి. తిండిల తైదంబలి, అదే రాగిజావ, పెరుగు, మునగాకు పెంచమన్నరు, పొద్దుకొక కాల్షియం గోలి ఇచ్చిండ్రు. నెలలు గడిచినయి, పెద్దోళ్ళ రక్తంల ఏం మార్పు లేదు. ఒకనాడు పొద్దుగాల నేను చెప్పకుంట యాదమ్మ ఇంటికి పోయిన. ఆమె దొడ్లె బర్రె ముందట కూసొని, గోలీలు రాయితోని నూరి తవుడుల కలుపుతాంది.

"ఇదేం పని యాదమ్మా!" అని లొల్లి పెట్టిన.

ఆమె ఏం బెదరలె. "బర్రెకు పెడితే పాలిస్తది. గా పాలు పోరి తాగుతది. నేను మింగితే ఏమిస్త?" అన్నది.

ఊర్ల సగం గోలీలు బర్రెలకే పోయినయని తర్వాత తెలిసింది. పశువుల డాక్టరు ఈనిన బర్రెకు కాల్షియం తాపుమంటడు, అది పాలు పెంచుతదని వాళ్ళకు తెలుసు. మనిషికి పెడితే ఏమైతదో ఎవరూ చూపియ్యలె. జీపుల ఈ సంగతి చెప్తే పెద్దసారు కండ్లల్ల నీళ్ళొచ్చేటట్టు నవ్విండు. నవ్వినంక, "ఇది రాయలేం కదా అనసూయ గారూ" అన్నడు. గోలీలతోని లాభం కనబడలేదని రాసుకున్నరు. గోలి మింగనే లేదని మాత్రం రాయలె. మీరు పేపర్లల్ల "కొత్త పరిశోధనల తేలింది" అని చదివినప్పుడల్లా ఆ బర్రెను జర యాదికి తెచ్చుకోండ్రి.

పప్పు పరీక్ష

ఆ దిక్కు ఊర్లల్ల కొత్త బోరు పడితే కొబ్బరికాయ కొట్టి, ఎమ్మటే ఒక పని చేస్తరు. ఆ నీళ్ళల్ల గుప్పెడు కందిపప్పు ఉడకేసి చూస్తరు. పప్పు మెత్తగ ఉడికితే మంచినీళ్ళు. బిరుసుగ మిగిలితే అవి వాకిట్లకు, బర్రెలకు. ల్యాబు రిపోర్టు ఎవరికి గావాలె? పొయ్యి మీద రిపోర్టు ఒక్క పూటల వస్తది, అది గూడ వాళ్ళ చేతికే వస్తది.

నన్ను గూడ గదే నమ్మకంల పెంచిండ్రు. మా బాపు నూలుకు రంగేసేటప్పుడు నీళ్ళు నాలిక మీద ఏసుకొని చూసేటోడు. సబ్బు నురుగొచ్చే నీళ్ళల్లనే రంగు పడ్తది, అవే మంచియి అనేటోడు. రంగుకు ఆయన మాట నిజమే.

కని ఎముకలకు ఆ లెక్క తిరగబడ్తది. నీళ్ళల్ల సున్నం ఉంటే పప్పు ఉడకది. సున్నం లేని నీళ్ళల్ల జల్ది ఉడుకుతది, సోడా గుణం ఉంటే ఇంక జల్ది. ఆ దిక్కు రాతినేలల్ల గసుంటి నీళ్ళల్లనే ఫ్లోరైడు ఎక్కువ కరిగి ఉంటది. చెర్వు కింది పాత బాయిల నీళ్ళు గట్టియి, పప్పు ఉడకది, ఫ్లోరైడు తక్కువ. బడికాడి బోరుల పప్పు వెన్న లెక్క ఉడుకుతది. ఊరంత బడికాడి బోరు నీళ్ళే తాగింది. బిడ్డలకు మంచిదని ఏరి మరీ అవే తెచ్చి తాపిచ్చిండ్రు. ఇంత ప్రేమతోని ఇంత నాశనం ఎక్కడన్న ఉంటదా?

ప్రాజెక్టోళ్ళు బడికాడ కొత్త మిషను పెట్టిండ్రు. నెత్తి మీద సోలారు పలకలు, కింద పెద్ద గొట్టం, గొట్టం నిండ తెల్లటి గుండ్లు. నీళ్ళు ఆ గుండ్ల నుంచి పోతే ఫ్లోరైడు గుండ్లకు పట్టుకుంటది. కరెంటుతోని పని లేదు, డీజిలుతోని పని లేదు. "సూర్యుడు ఉన్నన్ని రోజులు నడుస్తుంది" అని పెద్దసారు మీటింగుల చెప్పిండు. ఆ ముక్క మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజమైంది.

ఆ గుండ్లకు ఒక గుణం ఉంది. కొన్నాళ్ళకు అవి నిండిపోతయి, ఇగ పట్టుకోవు. తీసి మందులతోని కడుగాలె, లేకుంటే మార్చాలె. నిండినంక గూడ నీళ్ళు మాత్రం అట్లనే తేటగ వస్తయి. కండ్లకు ఏం తెల్వది.

సంబురం

మొదట్ల ఆడోళ్ళకు ఆ నీళ్ళు నచ్చలె. కొత్త గుండ్లు నీళ్ళల్ల సోడా గుణాన్ని గూడ గుంజుతయి. రుచి మారింది, పప్పు ఉడుకుడు ఆలస్యమైంది. "మిషను నీళ్ళు సచ్చిన నీళ్ళు మేడం, సిలిండరు ఒడిసిపోతాంది గని పప్పు ఉడుకుతలేదు" అని తిట్టిండ్రు. నేను ఇంటింటికి తిరిగిన. కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన. "పప్పు ఆలస్యమైతే కానియ్యి, పిల్లల కాళ్ళు చూసుకోండ్రి" అని బతిలాడిన. యాదమ్మ ఒక్కతే ఎమ్మటే ఇన్నది. మనుమరాలి కోసం నానబెట్టి, నానబెట్టి పప్పు ఉడకేసేది. మానసే చిన్న బిందె చంకల పెట్టుకొని మిషను కాడికి పోయి నీళ్ళు తెచ్చేది, ముసలామె వంగలేదు గద.

నేను గా నీళ్ళు పరీక్ష చేసిన ప్రతిసారి రంగు గులాబిగ నిలిచింది. నా జన్మల గంత సంతోషం ఎన్నడు లేదు. నిజంగ చెప్తున్న, ఆ రంగు చూసి ఏడ్సిన.

తర్వాత ఒక పెండ్లిళ్ళ కాలం వచ్చింది. పక్క ఊర్లోళ్ళు గూడ డ్రమ్ములతోని వచ్చి నీళ్ళు పట్టుకపోయిండ్రు. పరిశోధన చివరికొచ్చింది. ఆఖరి శాంపిళ్ళు తీసినం, గులాబి రంగే. పట్నంకెళ్లి పెద్దోళ్ళు వచ్చి ఫొటోలు దిగిండ్రు, మిషనును ఊరికి ఒప్పజెప్పిండ్రు. గుండ్లు ఎవరు కడుగాలె, మందులు ఏడికెళ్లి రావాలె అని నేను అడిగితే "తర్వాత చూద్దాం" అన్నరు.

కొన్ని వారాలకు నేను వేరే పని మీద ఆ ఊరికి పోయిన. ఆడోళ్ళు నన్ను చూసి సంబురంగ ఎదురొచ్చిండ్రు. "మేడం, మీ మిషను ఇప్పుడు మంచిగైంది! పప్పు జల్ది ఉడుకుతాంది! ఊరంత అవే నీళ్ళు!" యాదమ్మ గిన్నెల పప్పు తెచ్చి నా నోట్లె పెట్టింది. నాలిక మీద కరిగింది.

గుండ్లు పనిచేస్తే పప్పు గంత మెత్తగ ఉడకది. అక్కడనే సంచిల నుంచి గాజుగొట్టం తీసిన. చుక్కలేసిన. పసుపు ముద్ద లెక్క అయింది. బోరు నీళ్ళు, మిషను నీళ్ళు ఒక్కటే రంగు.

నా కెమిస్టు సారు యాదికొచ్చిండు. గట్టిగ చెప్పిన: "గుండ్లు నిండినయి. ఈ నీళ్ళు తాగొద్దు."

యాదమ్మ గొట్టం దిక్కు చూసి నవ్వింది. "పసుపే గద మేడం, శుభమే" అన్నది. నా ముఖం చూసి నవ్వు ఆపింది. "పప్పు ఉడకనప్పుడేమో మంచినీళ్ళంటిరి. ఉడికినంక ఇసమంటున్నరు. ఏది నమ్మాలె మేము? ఇన్ని తాపలు నీళ్ళు పట్టుకపోయిండ్రు, రక్తం గుంజుకపోయిండ్రు, ఒక్కనాడన్న ఏమొచ్చిందో చెప్పిండ్రా?"

ఆమె అన్నదాంట్ల తప్పేముంది? ఏండ్ల సంది ఏమీ చెప్పనోళ్ళు ఒక్కనాడొచ్చి చెప్తే ఎవరు ఇంటరు?

పిడి

ఆడికెళ్లే పెద్దసారుకు ఫోను చేసిన. గుండ్లు నిండినయి, పసుపొచ్చింది అని చెప్పిన.

"అనసూయ గారూ, స్టడీ క్లోజ్ అయిపోయింది. ఈ రీడింగు ఇప్పుడు ఎక్కడ పెట్టమంటారు?" అన్నడు.

"ఎక్కడన్న పెట్టుండ్రి సారూ. ముందుగాల గుండ్లు పంపుండ్రి."

"దానికి ఇంకో ప్రాజెక్టు రాయాలి. రాద్దాం. అయినా ఊరివాళ్ళు మిషన్ని అంగీకరించారు కదా, అది చాలా పెద్ద విజయం."

అంగీకరించిండ్రట! పప్పు ఉడుకుతాందని ఆడోళ్ళు మెచ్చుకున్న ముచ్చట ఆయనదాక పోయింది. దాన్నే విజయమని రాసుకున్నడు. మిషను పాడైనందుకు జనం మెచ్చిండ్రు, జనం మెచ్చినందుకు మిషను గెల్చింది. గిట్లాంటి లెక్క మీకు ఏ కాలేజిల నేర్పరు.

నేను ఫోను పెట్టేసి, మిషను కాడి నల్లా బంద్ చేసి, దాని పిడి ఊడబీకి సంచిల ఏసుకున్న. మళ్ళ గుండ్లొచ్చేదాక ఇయ్యనన్న. ఊరంత లొల్లి. "సర్కారోళ్ళు ఇచ్చిన నీళ్ళు సర్కారోళ్ళే గుంజుకుంటున్నరు" అని పెద్దమనుషులు మా ఆఫీసుకు ఫోన్లు చేసిండ్రు. మా ఇంజనీరు సారు నాకు ఫోను చేసి, "నీ పని శాంపిలు తెచ్చుడు, నల్లాలు పీకుడు కాదు" అన్నడు. నేను తిరిగి బస్సెక్కేలోపే ఎవరో కట్టింగు ప్లేయరుతోని నల్లా తిప్పిండ్రు. నీళ్ళు వచ్చినయి. నన్ను ఆ మండలం దిక్కు పోకుంట వేరే ఏరియా పనికి మార్చిండ్రు.

మిషను చెడిపోయి ఆగిపోతే ఎంత బాగుండు! పాత ఇంజనైతే డీజిలు లేక ఆగుతుండె, కరెంటు మోటరైతే ఫ్యూజు కొట్టి ఆగుతుండె. ఇది ఎండతోని నడిచేది. మా దిక్కు ఎండకు ఏం కొదవ?

తర్వాత ఇంటింటి నల్లాలల్ల నది నీళ్ళు వచ్చినయి. మంచి నీళ్ళే, ల్యాబుకొచ్చిన శాంపిళ్ళు నేనే పరీక్ష చేసిన. కని వాటిల్ల పప్పు జర ఆలస్యంగ ఉడుకుతది. యాదమ్మసుంటోళ్ళు అవి స్నానాలకు, బాసండ్లకు పెట్టుకొని, తాగనీకి, వండనీకి మిషను కాడికే పోయిండ్రు.

పసుపు రంగు

నేను రిటైరై నల్లగొండల ఉంటున్న. పోయిన ఎండకాలం ఒక పిల్ల నా ఇల్లు ఎతుక్కుంట వచ్చింది. మెట్లెక్కుడు ఇనబడి బయటికొచ్చిన. రెయిలింగు పట్టుకొని, ఒక్కొక్క మెట్టు మీద ఆగుతాంది. మోకాళ్ళు రెండు ఒకదానికొకటి రాసుకుంటున్నయి. పైకొచ్చి నవ్వినప్పుడు పండ్ల దిక్కు చూసిన. పండ్లు తెల్లగనే ఉన్నయి, అవి పట్నం నీళ్ళు తాగిన ఈడులనే తయారైనయి గద.

"నేను మానసను మేడం. యాదమ్మ మనుమరాలిని."

కూసొమ్మన్న. మంచినీళ్ళిచ్చిన.

ఇంటర్ల ల్యాబు టెక్నీషియన్ కోర్సు చదివిందట. నన్ను చూసే ఆ కోర్సు తీసుకున్నదట. ఇప్పుడు పట్నంకెళ్లి మళ్ళ కొత్త ప్రాజెక్టు వచ్చిందట, మనుషులకు ముసలితనం ముందుగాల ఎందుకొస్తాందో చూస్తరట. ఇంటింటికి తిరిగే ఆడపిల్లలు గావాలన్నరంటే సర్టిఫికెట్టు పట్టుకొని పోయిందట.

"ఏమన్నరు బిడ్డా?"

"నడుచుడు చూసిండ్రు. తిరిగే పనికి పనికిరావన్నరు. కని మా స్టడీకి పనికొస్తవన్నరు. ఉద్యోగానికి పోతే ఎక్స్‌రే తీసి పంపిండ్రు మేడం."

నాకు నోటికొచ్చిన తిట్లు ఈడ రాయను.

"రిజల్టు ఎప్పుడు చెప్తరని అడిగిన. పైకి పంపుతం అన్నరు" అని, సంచిల నుంచి సీసా తీసింది. "ఇవి మిషను నీళ్ళు. అవ్వ ఇంకా ఇవే తాగుతది. నేను హాస్టలుకు పోయేదాక ఇవే తాగిన. వీటి రిజల్టన్న ఇప్పుడే చెప్పుండ్రి."

"ఆ మిషను ఇంకా నడుస్తాందా?"

"మంచిగ నడుస్తాంది మేడం."

గాజుగొట్టం నా అల్మారిలనే ఉంది. తీసి ఆమె చేతికే ఇచ్చిన. చుక్కలు ఆమెనే ఏసింది. ఇద్దరం కిటికి కాడ నిలబడి చూసినం. రంగు తిరిగింది. పసుపు. ఆమెకు నేను చెప్పాల్సిన పని లేదు, కని చెప్పిన. గట్టిగ చెప్పిన.

ఆ గొట్టాన్ని చానసేపు ఎలుగుకు పట్టుకొని చూసింది. "నా చిన్నప్పుడు గూడ గిట్లనే ఉండెనా?"

"ఉండె బిడ్డా."

"మీకు తెలుసా?"

"తెలుసు. మీ అవ్వకు చెప్పిన. ఊరందరికి చెప్పిన. సారుకు ఫోను చేసిన. నల్లా పిడి గూడ పీకిన."

ఆమె కోపానికి రాలె. వస్తే బాగుండు. జర ఆశ్చర్యంగ నా దిక్కు చూసింది.

"మరి నాకెందుకు చెప్పలె మేడం? నీళ్ళు తెచ్చేది నేను గద."

ఆ రోజు ఆమె ఆడనే ఉండె. బిందె చంకల పెట్టుకొని, నా సంచి పక్కనే నిలబడి ఉండె. చెర్వు కింది పాత బాయికాడికి పొమ్మంటే పోతుండె, చిన్నపిల్ల చెప్పిన మాట ఇంటది. నేను ఆమె నెత్తి మీదికెళ్లి పెద్దోళ్ళతోని కొట్లాడుకుంట ఉండిపోయిన.

మీరు ఊర్లకు పోయినప్పుడు సర్పంచికి చెప్పుండ్రి, సారుకు చెప్పుండ్రి, పైకి పంపుండ్రి. అంతకన్న ముందు, బిందె ఎవరి చంకల ఉందో చూసి, ఆ పిల్లకు చెప్పుండ్రి.